ఏ వార్తా చెప్పని కోటు

అక్క పోయిన మర్నాడు, ఆమెకు చివరిసారి వేయవలసిన బట్టల కోసం మా ఆవిడ ఆమె బీరువా తెరిచింది. లోపల బూడిదరంగు కోట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒకే రంగు, ఒకే కొలత, ఒకే రకం గుండీలు. వాటి కింద మెత్తటి రబ్బరు అడుగున్న నల్ల బూట్లు.

"వదిన ఇవన్నీ ఒకేరోజు కొన్నట్టుందండీ," అంది.

ఒకేరోజు కొన్నవి కావు. ఆ రంగు దగ్గరికి చేరడానికి అక్కకు చాలాకాలం పట్టింది.

అక్క ఒక పెద్ద ఆస్పత్రిలో పనిచేసేది. అక్కడ ఆపరేషన్ల విభాగం బయట, రోగుల తాలూకు వాళ్ళు కూర్చునే హాలు ఒకటుంది. లోపలి నుంచి ఆ హాల్లోకి ఒక గాజు తలుపు. లోపల ఏం జరిగిందో బయటివాళ్ళకు చెప్పడం అక్క ఉద్యోగం. చెప్పడానికి డాక్టర్లకు తీరిక ఉండేది కాదు, నర్సులకు అనుమతి ఉండేది కాదు. అందుకని అక్కను పెట్టారు.

అంతకుముందు ఆమె అదే ఆస్పత్రి రిసెప్షన్లో కూర్చునేది. అప్పటి అక్క వేరు. ఎత్తు మడమల చెప్పులు, నడిస్తే గలగలమనే కడియాలు, వేసుకున్న చొక్కాకు తగిన చెవిపోగులు. అప్పట్లో మేమిద్దరం రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవాళ్ళం. పొద్దున్నే చెరో చేత్తో చెరో చొక్కా ఎత్తి పట్టుకుని, "ఏరా, ఇది బావుందా, అది బావుందా?" అని నా ప్రాణం తీసేది. నేను పేపర్లోంచి తల ఎత్తకుండానే రెండూ బావున్నాయనేవాణ్ణి. "నిన్నడగడం నాదే బుద్ధి తక్కువ," అని రెండూ మంచం మీద పడేసి మూడోది వేసుకునేది.

ఇప్పుడు నన్ను ఏరా అని పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

హాల్లో చేరిన కొత్తలో ఆమె ఆ చెప్పులతోనే వెళ్ళింది. లోపలి వరండాలో టకటకమని చప్పుడు వినబడగానే హాల్లో ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడేవారట. ఊరికే ఫ్యాను వేగం తగ్గిద్దామని వెళ్ళినా అంతే. అన్ని కళ్ళూ తన కాళ్ళ మీదే. ఇంటికొచ్చి ఆ చెప్పుల్ని అటక మీదికి విసిరేసింది. తర్వాత కడియాలు పోయాయి. ఒకరోజు ఎవరికో భార్య పరిస్థితి చెబుతూ తనకు తెలియకుండానే చేతి గడియారం వంక చూసుకుందట. ఆ మనిషి మర్యాదగా, "మీకు ఆలస్యమవుతున్నట్టుంది, వెళ్ళండమ్మా," అన్నాడట. ఆ రోజుతో గడియారం కూడా పోయింది. జేబురుమాలు చేతిలో ఉంటే చాలు, నోరు తెరవకముందే ఏడుపులు మొదలయ్యేవి. జేబులో పెన్ను కనబడితే, దేనికో సంతకం పెట్టించుకోవడానికి వస్తోందని హడలిపోయేవారు. తెల్లకోటు వేసుకుంటే డాక్టరనుకునేవాళ్ళు. నల్లది వేసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. రంగురంగులవి వేసుకుంటే, చావు కబురు విన్నవాళ్ళకు జీవితాంతం ఆ రంగు గుర్తుండిపోతుందని ఆమె భయం.

అలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ చివరికి బూడిదరంగు దగ్గర ఆగింది. వాసన లేని సబ్బు. చప్పుడు లేని బూట్లు. ఖాళీ చేతులు.

నేనొకసారి అడిగాను, ఇదంతా దేనికని. ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"చూడరా, వాళ్ళకి నా నోటితోనే తెలియాలి. నేను కూర్చోబెట్టి, పక్కన కూర్చుని చెప్పినప్పుడు తెలియాలి. ఈలోగా నా చెప్పులు చెప్పేస్తే ఎలా?"

బట్టలు మార్చడంతో అది తీరలేదు. మంచి కబురైతే మాత్రం ఆ తీరిక లేని డాక్టర్లే నవ్వుకుంటూ వచ్చి చెప్పిపోయేవారు. చెడ్డదైతే అక్క వెళ్ళేది. దాంతో ఆమె రావడమే చావు కబురైపోయింది. ఇక కోటు ఏ రంగుదైతేనేం? అక్క పెద్ద డాక్టరు గదికి వెళ్ళి, మంచి కబుర్లు కూడా తనతోనే పంపాలని పట్టుబట్టింది. ఆయన నవ్వి, మా సంతోషం కూడా నువ్వే లాక్కుంటావా అన్నాడట. లాక్కుంటానంది. ఒప్పుకునేదాకా రోజూ ఆయన గది బయట నిలబడింది. ఆ తర్వాత బతికినా చచ్చినా అదే కోటు, అదే నడక, అదే కుర్చీ. కేంటీన్ ఆయన ఆమెకు పావురం అని పేరు పెట్టాడు. రంగు అదే, అడుగు చప్పుడూ వినబడదు, ఏ కబురు తెచ్చిందో విప్పి చూస్తే గాని తెలియదు అనేవాడు. ఆ పేరు విని అక్క బాగా నవ్వింది. ఇంట్లో నేనూ ఒకటి రెండుసార్లు అలా పిలిచి మొట్టికాయలు తిన్నాను.

ఆ కోటు ఆస్పత్రిలోనే ఆగిపోయుంటే బావుండేది. నాకు పెళ్ళై వేరే అపార్ట్‌మెంటుకి మారాక అక్క ఆ రెండు గదుల్లో ఒక్కతే ఉండిపోయింది. ఒకసారి ఆమెతో కూరగాయలకు వెళ్ళాను. ఉల్లిపాయలు ఏరుతున్న ఒకావిడ తలెత్తి, అక్కను చూసి, చేతిలోవి అక్కడే వదిలేసి గబగబా వెళ్ళిపోయింది. అక్క ఏమీ జరగనట్టు సంచీ సర్దుకుంది. నేనడిగితే, "వాళ్ళబ్బాయి బతికాడ్రా," అంది. "బతికాడని చెప్పింది నేనే. అయినా నన్ను చూస్తే ఆ రోజు గుర్తొస్తుంది కదా పాపం." బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండిపోవడం కూడా నేను చూశాను. ఆ వీధుల్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ హాల్లో కూర్చున్నవాళ్ళే.

అది చూసి మా ఆవిడ ఆమె పుట్టినరోజుకి ఒక పసుపుపచ్చ స్కార్ఫ్ కొనిచ్చింది. "వదినా, ఆదివారం మా ఇంటికి రావాలంటే ఇది కట్టుకుని రావాల్సిందే. పావురాలకు ప్రవేశం లేదు," అంది. అక్క సిగ్గుపడుతూనే కట్టుకొచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే మా లిఫ్టులో ఇరుక్కుపోయింది.

బాగుచేయడానికి లిఫ్టు మెకానిక్ వచ్చాడు. నడివయసు మనిషి, పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళమ్మతో ఉంటాడు. తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసి, "మేడం, మీరేం కంగారు పడకండి. ఇది పైకీ రాదు, కిందికీ పోదు. మీ అంత భద్రంగా ఈ బిల్డింగులో ఎవరూ లేరు," అన్నాడు. లోపలి నుంచి అక్క నవ్వు వినబడింది. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో. తలుపు తెరుచుకున్నాక కూడా వాళ్ళిద్దరూ అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. తర్వాత ఆదివారాలు మా లిఫ్టుకి ఏదో ఒక రోగం రావడం మొదలైంది. వాచ్‌మన్ కూడా ముసిముసి నవ్వులు నవ్వేవాడు. ఇద్దరూ కలిసి పార్కు దాకా నడిచేవాళ్ళు. ఉద్యోగం సంగతి అడిగితే ఆస్పత్రిలో ఆఫీసు పని అని మాత్రం చెప్పిందట. అతనికి తెలిసిన అక్క పసుపుపచ్చ అక్క. బూడిదరంగు సంగతి అతనికి తెలియదు. మా ఆవిడైతే లెక్కలన్నీ వేసేసుకుని, ఆయన్ని అన్నయ్యగారూ అని పిలవడం కూడా మొదలుపెట్టింది.

ఒకరోజు లోపలి నుంచి డాక్టరు వచ్చి, ఆ మధ్యాహ్నమే హఠాత్తుగా తీసుకొస్తే గుండె ఆపరేషన్ చేసిన ఒక పెద్దావిడ పోయిందని అక్కకు చెప్పాడు. అక్క గాజు తలుపు ఇవతల నుంచి హాల్లోకి చూసింది. చెల్లెలినీ బావగారినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని లిఫ్టు మెకానిక్ కూర్చుని ఉన్నాడు.

రెండో షిఫ్టులో చేసే ఆమె అప్పటికే వచ్చింది. అక్క దగ్గర పని నేర్చుకున్న మనిషి, మా ఇంటికీ తరచూ వచ్చేది. నేను వెళ్ళి చెబుతానండీ అందట. అక్క వద్దంది. అతనికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చెప్పడం ఏమిటి, తెలిసినదాన్ని నేనుండగా అనుకుంది. బూడిదరంగు పరాయివాళ్ళ కోసం. అతని దగ్గరికి ఆ పరాయి వేషంతో వెళ్ళడం ఆమెకు చేతకాలేదు. లాకర్ తెరిచి, సంచీలో ఎప్పుడూ ఉంచుకునే పసుపుపచ్చ స్కార్ఫ్ తీసి మెడకు కట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ తలుపు దాటి ఆమె ఒంటి మీద ఒక రంగు బయటికి వెళ్ళడం అదే మొదలు.

అతను గాజులోంచి ఆ రంగు చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు. అతని మొహం విప్పారిపోయింది. చెల్లెలి భుజం పట్టుకుని ఊపుతూ, "చెప్పానా, మనవాళ్ళే వస్తున్నారు చూడు. అమ్మకేం కాలేదే," అన్నాడు. చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. బావగారు ఎవరికో ఫోన్ చేసి అంతా బావుందని చెప్పడం మొదలుపెట్టాడు.

అక్క ఆ తలుపు దగ్గర నుంచి వాళ్ళ కుర్చీల దాకా నడిచింది. వెనక్కి వెళ్ళడానికి లేదు. ఎప్పటిలాగే కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ళను కూర్చోబెట్టి, తానూ కూర్చుని చెప్పింది.

అతను ఆమెను ఒక్క మాటే అడిగాడట.

"మరి అది ఎందుకు కట్టుకొచ్చారండీ?"

తర్వాత మా లిఫ్టు బాగుచేయడానికి వేరే మెకానిక్ రాసాగాడు. అక్క ఆదివారాలు రావడం మానలేదు. వచ్చి, మా ఆవిడకు కూరలు తరిగిపెట్టి, వెలుగుండగానే వెళ్ళిపోయేది. స్కార్ఫ్ ఏదని మా ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ హాలు సంగతి అక్క నాకు చెప్పింది కూడా చాలా రోజుల తర్వాతే, చిక్కుళ్ళ ఈనెలు తీస్తూ. చెప్పి, "నాకు తెలిసిన పని ఒక్కటే కదరా. అదీ సరిగ్గా చెయ్యలేకపోయాను," అంది. చిక్కుళ్ళు ఇటివ్వమని చెయ్యి చాపింది.

మొన్న అక్కకు ఆపరేషన్ అన్నారు. అదే ఆస్పత్రి, అదే హాలు. నేనూ మా ఆవిడా ఆ కుర్చీల్లో కూర్చున్నాం. అంతకాలం ఆ హాలు గురించి వినడమే గాని అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి.

గాజు తలుపు తెరుచుకుని రెండో షిఫ్టు ఆమె వచ్చింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమెకు ఎర్ర ఫ్రేము కళ్ళజోడు ఉండేది. అది పెట్టుకుని వకీలులా ఉన్నావని అక్క ఏడిపించేది. ఆ రోజు ఆ ఎర్ర ఫ్రేము లేదు, ఏదో మామూలు కళ్ళజోడు. బూడిదరంగు కోటు. నేను ఆమె చేతులు చూశాను, ఖాళీ. మణికట్టు చూశాను, గడియారం లేదు. బూట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించాను, లేదు. అక్క ఏమేం తీసేసుకుంటూ వచ్చిందో అన్నీ తెలిసినవాణ్ణి, అయినా ఎక్కడో ఒక చోట ఏదో మిగిలి ఉంటుందని ఆ మనిషిని నఖశిఖపర్యంతం వెతికాను. ఎక్కడా ఏమీ దొరకలేదు. ఆమె నడిచి వస్తున్నంతసేపూ అక్క బతికే ఉంది.

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

ఇదంతా జరిగిన మర్నాడే మా ఆవిడ ఆ బీరువా తెరిచింది. కోట్ల వెనక, అట్టడుగు అరలో, మడత నలగకుండా ఆ స్కార్ఫ్ ఉంది. మా ఆవిడ ఒక చేత్తో బూడిదరంగు కోటు, రెండో చేత్తో స్కార్ఫ్ ఎత్తి పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఏమండీ, ఏది?"

"రెండూ బావున్నాయి," అన్నాను.

అని, అలవాటు కొద్దీ, తిట్టు కోసం ఎదురుచూశాను.