నాయనమ్మ చెంబుల లెక్క

మా చిన్నప్పుడు చలిని చెంబులతో కొలిచేవాళ్ళం... నవ్వకండి, నిజమే చెబుతున్నా. పందొమ్మిది వందల యాభైల మాట. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర ఒక సందులో మా ఇల్లు.

జనవరి మొదటి వారంలో మా బాపు, అంటే మా నాన్న, పుట్టినరోజు. బాపు పుట్టినప్పుడు ఆ చలికి పిల్లవాడు బతకడన్నారట. బతికితే ఏటేటా ఆ రోజు చన్నీళ్ళు పోసుకుంటానని నాయనమ్మ మొక్కుకుంది. ఇక చూడండి... రాత్రంతా వాకిట్లో గోలెంలో నిలిచిన నీళ్ళు తెల్లవారుతూనే చెంబుతో నెత్తిన గుమ్మరించుకునేది. తడిక ఇవతల నిలబడి బాపు లెక్కపెట్టేవాడు.

దవడలు టకటకా కొట్టుకోగానే ఆపేసేది. ఎన్ని చెంబులకు కొట్టుకుంటే ఆ ఏటి చలి అన్ని చెంబులన్నమాట. లెక్క తగ్గినకొద్దీ చలి ఎక్కువ! బాపు ఆఫీసు ఎర్ర పెన్సిల్‌తో తలుపు వెనక సంవత్సరం వేసి, పక్కన ఆ అంకె రాసేవాడు. అన్నిటికన్నా తక్కువ నాలుగు... అది నేను పుట్టిన ఏడాది. అందుకని ఇంట్లో నన్ను "నాలుగు చెంబుల పిల్ల" అనేవారు. ఆ పేరంటే నాకు మహా గర్వం.

ఆ అంకె కోసం సందంతా ఎదురుచూసేది. గోడవతల ఒక ముసలామె ఉండేది, ఊరందరికీ ఖాలాయే, అంటే పిన్నమ్మే. గోడ మీంచి తల పెట్టి "అమ్మా, ఇస్ సాల్ కిత్తే లోటే?" అని, ఈ ఏడు ఎన్ని చెంబులో అడిగి, దాన్ని బట్టి పెట్టెలోంచి రజాయి తీసేది. మా పిల్లల లెక్క వేరు... ఆరు లోపు వస్తే ఆ రోజు మాకు తలస్నానం మాఫీ, పైగా వేడివేడి సర్వపిండి. అందుకని మేము కూడా మొక్కుకునేవాళ్ళం!

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాయనమ్మకు దగ్గు పట్టుకుంది. పది రోజులైనా వదల్లేదు. ఈ ఏడాదికి వద్దని అమ్మ బతిమాలింది, బాపు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఆవిడ వింటేనా... మొండిఘటం.

నాకేమో భయం. ఆ రోజు అమ్మ పాలకు వెళ్ళింది, బాపూ నాయనమ్మా ఇంకా లేవలేదు. పొయ్యి మీద కాగులో నీళ్ళు మసులుతున్నాయి. నేను బగోన గిన్నె ముంచి, వణుక్కుంటూ వెళ్ళి గోలెంలో పోశాను. ఒకటి సరిపోదనిపించి ఇంకో రెండు పోశాను. ఏమీ ఎరగనట్టు వచ్చి బొంతలో దూరాను.

తర్వాత బాపు లెక్క మొదలైంది. ఆరు... తొమ్మిది... పన్నెండు... పద్నాలుగు దగ్గర నాయనమ్మకే విసుగొచ్చి ఆపేసింది. దవడలు కదల్లేదు! ఆ పొద్దు మూసీ మీంచి వచ్చే మంచుకు ఎదురింటి గోడ కనబడటం లేదు. ఖాలా రెండు శాలువాలు కప్పుకుని వచ్చి పద్నాలుగని విని నోరు తెరిచింది.

నేను లోలోపల మురిసిపోతున్నా... నాయనమ్మ ముఖం చూసేదాకా. తడి జుట్టైనా తుడుచుకోకుండా అరుగు మీద కూర్చుంది. పెట్టిన రొట్టె ముట్టలేదు. కాసేపటికి బాపును పిలిచి మెల్లగా చెప్పింది.

"ఊరంత వణుకుతున్నది, నాకు చలే తెలుస్తలేదు. ఒళ్ళు మొద్దువారింది కొడుకా. ఇగ ఎన్నొద్దులుంట..."

బాపు తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడవసాగాడు. నాయనమ్మ అమ్మను పిలిచి, వచ్చే ఏడు నుంచి ఈ మొక్కు నువ్వు తీర్చాలని అప్పగింతలు మొదలుపెట్టింది. నా మూడు బగోనల నీళ్ళకు నాయనమ్మ చచ్చిపోతుందేమోనని ఏడుపు తన్నుకొచ్చింది. చెబితే వీపు విమానం మోత... చెప్పకపోతే నాయనమ్మ ఉండదు!

వెళ్ళి ఒళ్ళో ముఖం పెట్టాను.

"నీ ఒంటికేం కాలే నాయనమ్మా. నేనే వేడినీళ్ళు కలిపిన."

అమ్మ చెయ్యెత్తింది. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, నా గడ్డం పైకెత్తింది.

"ఎన్ని కలిపినవే?"

"మూడు బగోనలు."

"అంటే... నేను మంచిగనే ఉన్న."

ఎంత నవ్విందో! నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, దగ్గుతూ మళ్ళీ నవ్వింది. చల్లారిన రొట్టె తెప్పించుకుని తిన్నది. గోడ దగ్గరికి పోయి ఖాలాకు తానే ఈ సంగతి చెప్పింది. మొక్కు చెడిపోయిందేమోనని అమ్మ గుబులుపడితే, మనుమరాలు ప్రేమతో పోసిన నీళ్ళకు దేవుడు లొల్లి పెట్టడని తేల్చేసింది.

బాపు పద్నాలుగు చెరిపేయబోతే ఒప్పుకోలేదు. పక్కనే రాయించింది... "నాలుగు చెంబుల పిల్ల వేడినీళ్ళు కలిపింది" అని. మర్నాడు నా చెవి కూడా మెలేసింది, అది వేరే సంగతి.

మరుసటేడు ఐదో చెంబుకే దవడలు కొట్టుకున్నాయి. నాయనమ్మ గజగజ వణుకుతూ, ఆ వణుకును చూసుకుని మురిసిపోతూ బయటికొచ్చింది. మేమంతా సర్వపిండి తిన్నాం...

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ తలుపూ లేదు. పొద్దున మనవడు ఫోను చూసి, ఇదే తారీఖున ఏ ఏడాది ఎన్ని డిగ్రీలో గడగడా చదివాడు. ఆ పద్నాలుగు చెంబుల ఏడాదికి కూడా ఏదో అంకె ఉంది. పక్కన నా పేరు మాత్రం లేదు.

ఈ రోజు బాపు పుట్టినరోజు. నాకిప్పుడు నాయనమ్మ వయసు దాటింది. ఎవరికీ చెప్పకుండా గీజరు కట్టేసి, బకెట్లో చన్నీళ్ళు పట్టుకుని చెంబు తీసుకున్నాను. ఒకటి... రెండు... మూడో చెంబుకు దవడలు టకటకలాడాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మంచిగనే ఉన్న, నాయనమ్మా!

తడిక ఇవతల లెక్కపెట్టే మనిషి లేడు, రాయడానికి తలుపు లేదు. అందుకే ఈ ఫోనులో, మన గ్రూపులో, మీ గోడ మీద రాస్తున్నా... ఈ ఏడు మూడు. మీ ఇంట్లో చలిని దేనితో కొలిచేవారో, కింద మీరూ రాసిపెట్టండి.