పెళ్ళిపరుపు నారితో పాటకచేరీ

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ళకు పెద్దరెడ్డి. మా తాత గుర్రం దిగకుండానే తగవులు తీర్చేవారు. నేను మాత్రం పంతొమ్మిది వందల అరవైలలో అనంతపురంలోని ఒక పాటకచేరీ బృందంలో, మనిషంత ఎత్తుండే బేస్ ఫిడేలు వాయించేవాణ్ణి.

బత్తలపల్లెలో ఒక పెళ్ళికి వెళ్ళాం. కచేరీ మొదలవబోతుండగా, ఎండకు బిగుసుకుపోయిన గొర్రె పేగుతో చేసిన లావుపాటి తీగ టప్పున తెగింది. అది లేకుంటే ఆ ఫిడేలు ఉత్త చెక్కపెట్టె. పందిరి పక్కనే దూదేకుల మస్తానన్న కొత్త దంపతుల పరుపుకు విల్లుతో దూది ఏకుతున్నాడు. ఆ వింటికి కట్టిన నారి కూడా పేగుదే. పెద్దరెడ్ల ఇంటివాణ్ణి, అడగడానికి నామోషీ అనిపించింది. అయినా అడిగి, తెచ్చి బిగించాను. దివ్యంగా మోగింది. మీటినప్పుడల్లా దూదిపింజలు ఎగిరి పాటగాడి మీసాలపై వాలాయి.

పాట మంచి ఊపులో ఉండగా మస్తానన్న వేదిక ఎక్కాడు.

"రెడ్డప్పా, నీ పాట యాడికొచ్చింది? పరుపు సగమే అయిండాది. పెండ్లికొడుకు అప్పుడే వచ్చి తొంగి చూసిపోయినాడు."

"ఇచ్చేయప్పా," అంది కింద నుంచి పెళ్ళికూతురి అవ్వ. "పాటలు రేపైనా వినొచ్చు."

పందిరంతా గొల్లున నవ్వింది. పాట మధ్యలో నారి విప్పుతూ, బిగబట్టుకోలేక, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. పరువు పోయిందన్న ఊహే రాలేదు. ఒళ్ళంతా దూదిలా తేలిపోయింది.

మరుసటి వారం కొత్త తీగ కోసం మా తాత వెండి హుక్కా అమ్మేశాను.