సర్దుడమ్మ ఇంట్లో అతిథి

ఆమె హోటల్లో గదులు సర్దుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున్న ఏడింటి నుంచి మూడింటి దాకా పద్దెనిమిది గదులు, ఒక్కో గదికి అరగంటైనా ఉండదు. ఆ కాస్త వ్యవధిలో నిన్న అక్కడో మనిషి పడుకున్నాడన్న సంగతే లోకానికి తెలియకుండా చేయాలి. దిండు మీద తల గుంట, అద్దం మీద వేలిముద్ర, స్నానాలగది జాలీలో వెంట్రుక, ఏదీ మిగలకూడదు. మంచాలు ఎత్తి కింద ఊడ్చి ఊడ్చి నడుం పోయింది గాని, ఆమె సర్దిన గదికి వంక పెట్టినవాడు ఇంకా పుట్టలేదు.

ఆ సర్దుడు హోటల్లోనే ఆగితే బాగుండును. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈమెది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది, అయినా పోలేదు. అక్క ఇంటికి వెళ్తే బావ సగం తాగి పక్కన పెట్టిన టీ గ్లాసు ఆయన అటు తిరిగి ఇటు తిరిగేలోగా కడిగి బోర్లించి ఉంటుంది. అక్క పిల్లలు ఆమెకి సర్దుడమ్మ అని పేరు పెట్టారు. హోటల్లో మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు.

హోటలు పనివాళ్ళకి వచ్చినవాళ్ళ పేర్లతో పనిలేదు, గది నంబరే పేరు. అలా ఆమె మొగుడి పేరు నాలుగు పన్నెండు. బిస్కట్ల ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి ఆరు నెలల అనుమతి మీద పరాయి దేశం నుంచి వచ్చిన ఫిట్టరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొడుగరి, నోట్లోంచి మాట ఊడిపడటం కష్టం. వచ్చిన రోజే గదిలో కుర్చీని గోడ దగ్గర్నుంచి కిటికీ దగ్గరికి జరిపాడు. ఆమె దాన్ని తిరిగి గోడకి చేర్చింది. మర్నాడు మళ్ళీ కిటికీ దగ్గరుంది. ఆమె మళ్ళీ గోడకి చేర్చింది. ఒకరి మొహం ఒకరు చూడకుండానే నలభై రోజులు ఇద్దరూ ఆ కుర్చీతో తగువులాడుకున్నారు.

ఆమెకి గదుల శాస్త్రం ఒకటుంది. ఒకటి రెండు రోజులకి వచ్చినవాడు పెట్టె మూత తెరిచి అందులోంచే బతుకుతాడు. వారానికి వచ్చినవాడు బల్ల మీద సామాను పరుస్తాడు. కుర్చీ జరిపాడంటే మాత్రం ఇక ఆ గదిలో కాపురం పెట్టేశాడన్నమాటే. నలభై ఒకటో రోజున ఆమె కుర్చీ జోలికి పోలేదు. దుమ్ము తుడిచి కిటికీ దగ్గరే ఉంచేసింది. ఆ సాయంత్రం ఆయన కిందికి దిగి, నాలుగో అంతస్తు సర్దేది ఎవరని అడిగాడు. నలభై మూడేళ్ళు వచ్చేదాకా పెళ్ళి ఊసెత్తితే మీద పడి కరిచే మనిషి, ఇంకో మూడు నెలలకి రిజిస్ట్రారు ముందు కూర్చుని సంతకం పెట్టింది.

"గదిలో చెత్త ఊడ్చుకొచ్చేవాళ్ళని చూశాను గాని మరదలు పిల్లా, ఏకంగా గదిలో మనిషినే ఊడ్చుకొచ్చినదానివి నువ్వే!" అన్నాడు బావ.

పెళ్ళికి ఒక్క సంతకం చాలింది. మొగుణ్ణి ఉన్న ఊళ్ళో ఉంచుకోవడానికి ఎన్ని సంతకాలు కావాలో అప్పుడు తెలిసింది. ఆయన అనుమతి గడువు తీరేలోగా, ఈమె భర్తగా ఇక్కడే ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకోవాలి. చెవులు కనపడలేదని ఫోటోలు ఒకసారి, సిరా రంగు మారిందని ఫారాలు ఒకసారి తిప్పి పంపారు. మూడోసారి కౌంటరు దగ్గరి గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి తలెత్తాడు.

"అద్దె కాగితం మీ పేరే, కరెంటు మీ పేరే. ఆయన మీ ఇంట్లో ఉంటున్నట్టు ఒక్క రుజువు లేదేంటమ్మా?"

"పెళ్ళి కాగితం ఉంది కదండీ."

"అది దొంగ పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళ దగ్గర కూడా ఉంటుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపం ఎరగని ఆమె చెమటలు తుడుచుకుంది. ఇంటికి మనిషిని పంపి చూస్తామని గుమాస్తా చెప్పాడు. ఎప్పుడొస్తారో ముందుగా చెప్పరట. వచ్చినవాళ్ళు కాదని రాస్తే ముప్పై రోజుల్లో ఆయన దేశం దాటాలి, ఆ తర్వాత మూడేళ్ళదాకా ఈ గడప తొక్కనివ్వరు.

ఆ రోజు నుంచి ఆమె కాలుగాలిన పిల్లి అయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, చీపురుతో సహా తలుపు దగ్గరికి పరిగెత్తేది. ఇంటికి ఆఫీసరు వస్తాడంటే మామూలు మనుషులే ఇల్లు సర్దుకుంటారు, ఈమె సంగతి చెప్పేదేముంది! తెల్లారకముందే లేచి రెండు గదులూ కడిగేది. ఒక చేత్తో ఇనుప మంచం కోడు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో కింద ఊడ్చి, అమ్మా అంటూ నడుం పట్టుకునేది. ఆయన గడ్డం గీసుకుని మొహం తుడుచుకునేలోగా రేజరూ, బ్రష్షూ ఆయన సంచీలోకి, సంచీ ఆయన పెట్టెలోకి వెళ్ళిపోయేవి. అది నాలుగు చక్రాల నల్ల పెట్టె, తలుపు పక్కన నీటుగా నిలబడి ఉండేది. ఫ్యాక్టరీ పని ముగిసి, వేరే పని చేసుకునే అనుమతి ఇంకా రాని ఆ పెద్దమనిషి, ఇంట్లో ఎక్కడ కూర్చుంటే ఏం చెదురుతుందోనని బజార్లంట తిరిగేవాడు.

పెళ్ళైన మూడో నెలలో ఒక సెలవురోజు తలుపు చప్పుడైంది. వచ్చింది ఒక ఆడ ఆఫీసరు. రిటైరవబోయే వయసు, మందపాటి కళ్ళద్దాలు, మూడంతస్తులు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతోంది. ఆయన అప్పుడు ఇంట్లో లేడు, పాల కోసం వెళ్ళాడు.

ఆఫీసరు స్నానాలగదిలో చూసింది, గ్లాసులో ఒక్క బ్రష్షు. అలమర తెరిచింది, అన్నీ ఆడబట్టలే. మంచం మీద దుప్పటి మడత కత్తితో కోసినట్టుంది, రెండు దిళ్ళలో ఒక్కదాని మీదా తల ఆనించిన జాడ లేదు. చివరికి తలుపు పక్కన పెట్టె దగ్గర ఆగి మూత ఎత్తింది. మొగవాడి బట్టలు, రేజరు, బ్రష్షు, కళ్ళజోడు, అన్నీ సర్ది ఉన్నాయి.

"ఎప్పుడండీ ఈయన ప్రయాణం?" అంది.

"ప్రయాణమేంటండీ? ఇక్కడే ఉంటారు. నేనే సర్ది పెట్టాను, ఇల్లు నీటుగా ఉంటుందని..."

చెప్తుంటే తన మాట తనకే అబద్ధంలా వినపడింది. ఇంతలో ఆయన పాలతో వచ్చాడు. ఆఫీసరు మంచినీళ్ళు అడిగింది. ఆయన వంటింట్లో ఒక తలుపు తీశాడు, అందులో చీపుళ్ళు. ఇంకోటి తీశాడు, పప్పు డబ్బాలు. గ్లాసులు ఎక్కడుంటాయో ఆ ఇంటి మొగుడికి తెలియదు. ఆఫీసరు ఆ నీళ్ళు తాగకుండానే రాసుకుని వెళ్ళిపోయింది.

వారానికి ఉత్తరం వచ్చింది. కలిసి కాపురం ఉంటున్న ఆనవాళ్ళు కనపడలేదట. నెలలోగా ఇంకొక్కసారి వచ్చి చూస్తారట, అదే ఆఖరు.

ఇరవై రెండేళ్ళు మనుషుల జాడలు చెరిపి జీతం తీసుకున్న మనిషి, కట్టుకున్నవాడి జాడ కూడా తన చేతులతోనే చెరిపేసింది. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా! ఆమె తల బాదుకుంది. అక్కా బావా పరుగున వచ్చారు.

"ఏమే, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఆయన బనియన్లు నాలుగు అక్కడా ఇక్కడా పడేయ్," అంది అక్క.

బావ తోడల్లుడి చొక్కా ఒకటి కుర్చీకి తగిలించాడు, చెప్పులు మంచం కింద ఒకటి, గుమ్మంలో ఒకటి విసిరాడు. "ఇప్పుడు చూడు, పదేళ్ళ సంసారంలా ఉంది!" అని చేతులు దులుపుకున్నాడు.

ఆమె చూసింది. ఎన్ని వేల గదులు చూసిన కళ్ళవి! విసిరిన చెప్పుకీ, విప్పిన చెప్పుకీ ఆమెకి తేడా తెలియదా? వాళ్ళిద్దరూ వెళ్ళగానే అన్నీ తీసేసింది. తీసి, పెట్టెలో పెట్టబోయి, అక్కడే చతికిలబడింది.

"మీరైనా చెప్పరేంటండీ?" అని మొగుడి మీద విరుచుకుపడింది. "మూడు నెలలైంది. ఒక్క వస్తువు మీకు నచ్చిన చోట పెట్టుకున్నారా? హోటల్లో ఆ కుర్చీ కోసం నలభై రోజులు నా ప్రాణం తీశారే! ఇక్కడ ఏమైంది?"

ఆయనకి వచ్చిన భాష కొంచెమే. ఆమె నోట విన్నదే నేర్చుకున్నాడు కాబట్టి, ఆమెనీ ఏమండీ అనే పిలుస్తాడు.

"ఏమండీ, ఇక్కడ కూడా జరిపాను. మొదటి రోజు కుర్చీ కిటికీ దగ్గర పెట్టాను. మీరు వెనక్కి పెట్టారు. రెండో రోజు పెట్టాను. మీరు వెనక్కి పెట్టారు. మూడో రోజు మానేశాను."

"హోటల్లో మానలేదుగా?"

"అది నేను డబ్బు కట్టిన గది. ఇది మీ ఇల్లు."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు, అంతే. ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చింది. ఆఫీసరు కాదనడానికి ముందే తనే ఆయన్ని కాదంది. ఆ మాట ఆమెని లోపల కోసేసింది.

బయటికొచ్చి అలమరలో సగం ఖాళీ చేసి, పెట్టెలో సామానంతా తీయించింది. ఆయన వాటిని వరసగా, బెదురు బెదురుగా పేర్చుకున్నాడు. ఆమె నోరు మూసుకుంది. నోటికన్నా చేతుల్ని ఆపడం కష్టమైంది. ఒక సెలవురోజు కిటికీ గట్టు మీద ఆయన తాగిన కప్పు మధ్యాహ్నందాకా ఉండిపోయింది. ఆమె దాని పక్క నుంచి నాలుగుసార్లు వెళ్ళింది. అరచేతులు దురద పెట్టాయి. ముట్టుకోలేదు. మర్నాడు కుర్చీ కిటికీ దగ్గరికి ఒక జానెడు జరిగింది. ఆ పై వారం పూర్తిగా జరిగింది. ఖాళీ పెట్టెలో ఉల్లిపాయలు పోశాడు, గాలి తగులుతుందట. ఆమె పళ్ళు బిగబట్టుకుంది. నెల గడువులో ఇంకా తొమ్మిది రోజులున్నాయి, ఎనిమిది ఉన్నాయి. హోటల్లో ఏ గదిలో ఉన్నా ఆమె ప్రాణమంతా ఇంటి గుమ్మంలోనే కొట్టుకుంటోంది.

గడువుకి మూడు రోజులుందనగా, పని దిగి వస్తుంటే రెండో అంతస్తు మెట్ల మీద ఆఫీసరు కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటోంది.

"మీ ఇంటికేనమ్మా," అంది.

ఇద్దరూ మెల్లగా ఎక్కారు. పైనుంచి టంగు టంగుమని సుత్తి చప్పుడు. తలుపు తోసింది.

మంచం గది మధ్యలో వెల్లకిలా పడి ఉంది. పరుపు కుర్చీ మీదుంది. తడి తువ్వాలు తలుపు మీద, స్పానర్లు దిండు మీద, నేలంతా ఇనుప రజను, ఆ రజనులో పాదాల గుర్తులు వంటింటిదాకా. ఆమె పక్కనున్న ఆఫీసర్ని మర్చిపోయింది.

"ఇది ఇల్లా, సంతా? పొద్దున్నే కదండీ నేల తుడిచి వెళ్ళాను! దిండు మీద స్పానర్లేంటి? తడి తువ్వాలు తలుపు మీద ఆరెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"చెప్పారు," అన్నాడు ఆయన, మంచం వెనక నుంచి తల పైకెత్తి. "ఇంకో రెండు నిమిషాలు."

ఆఖరి మర బిగించి, మంచాన్ని నిలబెట్టి, ఒక్క వేలితో తోశాడు. మంచం దొర్లుకుంటూ వెళ్ళి గోడకి ఆనింది. నాలుగు కోళ్ళ కిందా నాలుగు చక్రాలు, ఒక్కోదానికీ ఇనుప పట్టీ.

"రోజూ ఎత్తుతున్నారు. నడుం నొప్పి. ఇక ఎత్తొద్దు, తోయండి," అన్నాడు ఆమెతో.

ఆఫీసరు కళ్ళద్దాలు సవరించుకుని తలుపు పక్కకి చూసింది.

"ఆ పెట్టె ఏది?"

ఆయన వంటింట్లోకి చెయ్యి చూపించాడు. పెట్టె ఉల్లిపాయలతో నేల మీద చతికిలబడి ఉంది. అడుగున చక్రాలు ఉండాల్సిన చోట బెజ్జాలే ఉన్నాయి.

"ఆ చక్రాలు దీనివా?"

"అవును. మంచి చక్రాలు."

"మరి వెళ్ళేటప్పుడు దీన్ని ఎలా లాక్కెళ్తారండీ?"

ఆయన మొహం చిట్లించాడు. ప్రశ్న సరిగా అర్థం కాలేదేమోనని భార్య వైపు చూశాడు, మళ్ళీ ఆఫీసరు వైపు చూశాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి కొళాయి తిప్పుకోలేదు. ఆఫీసరు పరుపు కాస్త పక్కకి నెట్టి, కిటికీ దగ్గరి కుర్చీలో ఉస్సురని కూలబడి మంచినీళ్ళు అడిగింది. ఆయన వెళ్ళి, ఏ తలుపూ వెతక్కుండా గ్లాసు తీసుకుని నీళ్ళు తెచ్చాడు. ఆవిడ అవి గడగడా తాగి, ఫైలు ఒళ్ళో పెట్టుకుంది.

ఈలోగా సర్దుడమ్మ చెయ్యి దాని మానాన అది చీపురు అందుకుంది.

"ఉండనీండమ్మా, ఊడవకండి," అంది ఆఫీసరు కలం మూత తీస్తూ. "నన్ను రాసుకోనివ్వండి."

ఆమె చీపురు మూలన పెట్టేసింది.