పెదవుల వెనక నడిచిన మాట

అమలాపురంలో నా వీడియో మిక్సింగు గదికి ఒక ముసురు మధ్యాహ్నం తల్లీ కూతుళ్లు వచ్చారు. వాళ్ల పాత క్యాసెట్టును డీవీడీగా మార్చి ఇచ్చి కొన్నాళ్లయింది.

“బొమ్మ బాగానే ఉందండీ. మా నాన్నగారి మాటే ఆయన పెదాల వెనకాల వస్తోంది,” అంది కూతురు.

ఆ నాన్నగారు పోయారు. అంతర్వేది దగ్గర పడవలో కూర్చుని ఆయన మాట్లాడిన ఆ కాస్త వీడియోయే వాళ్లకి మిగిలింది.

వేసి చూశాను. మొదట్లో సరిగ్గానే ఉంది. పోనుపోను పెదవులు ముందు కదులుతున్నాయి, మాట గోదావరి అవతలి గట్టు నుంచి నడిచొచ్చినట్టు ఆలస్యంగా వినపడుతోంది. టేపు చెమ్మ పట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పాడైన చోటల్లా కొన్ని బొమ్మలు జారిపోయి వీడియో పొట్టిదైంది. సౌండు మాత్రం అలాగే ఉంది. దాన్ని ముక్కలు చేసి ఎక్కడికక్కడ అతకాలి. పెళ్లి వీడియో అయితే డోలు మీద దెబ్బ చూసి అతికేవాణ్ణి. ఇక్కడ నీళ్లు, ఆకాశం, మీసాలు సగం కప్పేసిన పెదవులు.

“అమ్మకి చెవులు వినపడవండీ. నాన్నగారి మాటలన్నీ పెదాలు చూసే తెలుసుకునేది.”

తల్లి కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు. “ఏదీ, నడపండి బాబూ.”

సౌండు ఆపేసి బొమ్మను నెమ్మదిగా నడిపాను. ఆయనతో పాటే ఆవిడా అనడం మొదలుపెట్టారు. “కొబ్బరికాయ మర్చిపోయేం... గుడి దగ్గర కొందాంలే...” ఆవిడ అన్న ప్రతి మాటనూ సౌండులో వెతికి ఆ పెదవుల దగ్గరికి జరిపాను. బయట వాన. గది కూడా ఆ పడవతో పాటు మెల్లగా ఊగుతున్నట్టనిపించింది.

చివర్లో ఇంజను మోత ఆయన గొంతును మింగేసింది. ఆ వెంటనే వీడియో ఠక్కున ఆగిపోయింది.

కూతురు తల్లి ముఖానికి ఎదురుగా వంగి అడిగింది. “ఇక్కడ ఏమన్నారే అమ్మా?”

ఆవిడ నవ్వారు. “ఎండలో నిలబడ్డావు, ఇలా నీడలోకొచ్చి కూర్చో, అన్నారు.”

“ఎవర్ని?”

“నన్నేనే. కెమెరా పట్టుకున్నది నేనే కదా. ఆపేసి, వెళ్లి కూర్చున్నాను.”

కొత్త డీవీడీ వేసి చూశాం. కూతురు కళ్లు మూసుకుని వింది. తల్లి రెప్ప వెయ్యలేదు.