ఎవరూ ఉండని గది

బొత్తాలమ్మ నోటికి పటాలమంతా జడిసేది. చొక్కాకు బొత్తం ఊడిందని వచ్చిన సిపాయికి ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించేది. "బొత్తం ఎక్కడ పడిందో చూసుకోలేనివాడివి, రేపు శత్రువునేం చూస్తావురా నాయనా!" అనేది. తిట్లు తిన్నవాడు నవ్వుకుంటూ పోయేవాడు. ఆమె మొగుడు బాయిలర్ మనిషి, నోట్లో నాలుక లేనివాడు. బ్యారక్‌లకు వేడినీళ్లు పంపడం, గేజీలో ముల్లు చూసుకోవడం తప్ప ఆయనకు మరో లోకం లేదు.

ఇద్దరూ బాయిలర్ గది వెనకున్న స్టోర్ రూములో ఇరవై ఆరేళ్లు కాపురం చేశారు. నిజానికి సిపాయిలు కానివాళ్లు అక్కడ ఉండకూడదు. పాపం, ఎక్కడికి పోతారులే అని ఓ ముసలి అధికారి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తనిఖీకి దొరక్కూడదని మాత్రం గట్టిగా చెప్పాడు. పైవాళ్ల జీపు గేటు దాటగానే కాపలావాడు రెండు ఈలలు వేసేవాడు. పరుపు చుట్టి దుప్పట్ల కట్టల మధ్య దూర్చడం, స్టవ్వు మీద బకెట్ బోర్లించడం, మొగుణ్ణి బాయిలర్ దగ్గరికి తరమడం, సూది పట్టుకుని స్టూలు మీద కూర్చోవడం అంతా చిటికెలో అయిపోయేది.

"ఎవరుంటున్నారిక్కడ?"

"ఎవరూ ఉండరు సార్, స్టోర్ రూమ్."

మొదట్లో ఆ మాట తడబడుతూ వచ్చేది. పోనుపోను తుమ్మినంత తేలిగ్గా వచ్చేసేది.

చివరికి సైన్యం ఆ చోటు వదిలి వెళ్లిపోయింది. బాయిలర్ చల్లారింది. పాత దుప్పట్లతో పాటు వీళ్లిద్దరూ అక్కడే ఉండిపోయారు. పొమ్మనడానికైనా ఎవరూ మిగల్లేదు. నాలుగేళ్లు గడ్డి మొలిచాక గేటుకు కొత్త బోర్డు కట్టారు: 'ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే మెట్లు.' వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! బ్యారక్‌లను ఇళ్లుగా మారుస్తారట. సగం కొనుక్కునేవాళ్లకు, సగం తక్కువ అద్దెకు. ఇప్పటికే లోపల ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే మొదటి ఇల్లు వాళ్లదేనట. అలాంటివాళ్లు వీళ్లిద్దరే.

"కింది అంతస్తే అడుగుదామయ్యా. నీ మోకాళ్లతో మెట్లెక్కలేవు. కిటికీ ఉన్న గది! మన కాపురంలో కిటికీ అన్నది ఎరుగుదుమా?" అంది బొత్తాలమ్మ.

"నీ ఇష్టమేనే" అన్నాడాయన. ఎప్పుడూ అనేమాటే. ఆ రోజు మాత్రం నవ్వుతూ అన్నాడు.

లోపల ఎవరుంటున్నారో రాసుకునే సర్వేకి సోమవారం వస్తామన్నారు. ఏం రోజు చూసుకుందో గానీ, ఆ సర్వే అమ్మాయి శుక్రవారమే ఊడిపడింది. జీపులో వచ్చింది. పక్కన ఖాకీ చొక్కా వేసుకున్న సెక్యూరిటీ మనిషి. అతగాడు ఊరుకున్నాడా? వెనక్కి వస్తున్న ఇటుకల లారీని ఆపడానికి ఈల వేశాడు. ఒకటి కాదు, రెండు.

ఇంకేముంది! పరుపు దుప్పట్లలోకి వెళ్లింది. స్టవ్వు బకెట్ కిందికి వెళ్లింది. మొగుడు బాయిలర్ గదిలోకి పరుగెత్తాడు.

"ఇక్కడెవరైనా ఉంటున్నారా అమ్మా?" అంది గుమ్మంలోంచి ఆ అమ్మాయి.

"ఎవరూ ఉండరమ్మా, స్టోర్ రూమ్."

ఆ పిల్ల లోపలికి తొంగి చూసింది, ఒక ఫొటో తీసుకుంది, చేతిలోని ట్యాబ్ మీద వేలితో నొక్కి వెళ్లిపోయింది.

"ఎవరే వచ్చింది?" అన్నాడు మొగుడు, చేతులు తుడుచుకుంటూ.

"తనిఖీకి..." అని ఆగిపోయింది. కొంప మునిగిందని అప్పుడు తెలిసింది. చెప్పులైనా వేసుకోకుండా గేటుదాకా పరుగెత్తింది. జీపు మలుపు తిరిగిపోయింది.

ఆ తర్వాత ఇళ్లు పంచే ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. గుమాస్తా ఫొటో చూపించాడు. స్టూలు, సూది, దుప్పట్ల కట్టలు. అచ్చం స్టోర్ రూమే. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"అబద్ధం చెప్పాను నాయనా!" అంది.

"ఎప్పుడమ్మా, అప్పుడా, ఇప్పుడా? పటాలం రిజిస్టర్లలో కూడా స్టోర్ రూమ్ అనే ఉంది. ఉత్తరమో, బిల్లో, ఏదైనా చూపించండి."

ఉత్తరాలు కాపలా గదికే వచ్చేవి. కరెంటు పటాలానిది. దయ చూపిన ముసలి అధికారి పోయి తొమ్మిదేళ్లయింది. గుమాస్తా చెడ్డవాడేమీ కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. జాబితా మాత్రం ముగిసిపోయిందన్నాడు.

"తిట్టవయ్యా! ఒక్క మాటైనా తిట్టు!" అని దారిలో ఏడ్చింది.

"ఎందుకే తిట్టడం? ఆ మాట చెప్పే కదా ఇన్నాళ్లూ బతికాం" అన్నాడాయన. తిట్టినా అంత బాధ ఉండేది కాదు ఆమెకు.

నెల తిరక్కుండా మేస్త్రీ వచ్చి తలుపు తట్టాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాం!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఆయన గొంతే పెద్దగా వినిపించింది.

మేస్త్రీ చేతిలోని ప్లాను విప్పి చూశాడు. "ఇది సైకిళ్ల స్టోరమ్మా. రేపటికల్లా ఖాళీ చేయాలి. ఈ సామాను ఎవరిదో వాళ్లకు చెప్పండి" అని పక్క గదికి వెళ్లిపోయాడు.

బొత్తాలమ్మ పరుపు చుట్టింది. చేతులకు అలవాటైన పనేగా, చిటికెలో అయిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దాని మీదే కూర్చుంది.