ఎలుకల గది పెద్దమ్మ

మా ప్రయోగశాలలో ఎలుకలను పెంచిన పెద్దమ్మ పోయిన మంగళవారం డర్బన్ పక్కన ఇసిపింగోలో కన్నుమూసింది. పొద్దున టీ కలుపుకుంటూ కుర్చీలో కూలబడిందట, గుండె ఆగిపోయింది. ఆమె కూతురు ఫోన్‌లో అంతా ఇంగ్లీషులోనే చెప్పింది. చివర్లో మాత్రం, "మమ్మీ పోయింది, అక్కా" అంది. అప్పటిదాకా నిలబడి ఉన్నదాన్ని, ఆ తెలుగు మాటకు కూర్చుండిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో పనికి ఓడలో వచ్చినవాళ్ళు. నేను మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె నుంచి, ఇక్కడ దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్ళలో, స్కాలర్‌షిప్ మీద డర్బన్ చేరినదాన్ని. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే. మొదటిరోజు నా పేరు విని, "తెలుగు పిల్లవా? అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ పూట నుంచే నాకు పెద్దమ్మ అయింది.

మా పరిశోధన రొమ్ము క్యాన్సర్ మీద. ఎలుకల్లో ఒక జాతికి, క్యాన్సర్ తెప్పించే మందు ఇస్తే, రొమ్ము గడ్డలు తొందరగా వస్తాయి. ఇంకో జాతికి, అదే మందు ఇచ్చినా, దాదాపు రావు. ఆ రెండింటినీ కలిపి, పుట్టిన పిల్లలను, వాటి పిల్లలను చూసుకుంటూ, కాపాడుతున్న జన్యువు ఎక్కడుందో వెతకాలి. అది తెలిస్తే ఆడవాళ్ళలో ఎక్కడ వెతకాలో ఒక దారి దొరుకుతుంది. ఎలుకలకు పాలగ్రంథులు పొట్ట పొడవునా ఉంటాయి కాబట్టి, వారానికోసారి ఒక్కో ఎలుకను పట్టుకుని పొట్ట మీద వేళ్ళతో తడమాలి. ఆ తడమడం నాకు పెద్దమ్మే నేర్పింది.

"అలాగ నొక్కకు మ్యాన్. పప్పులో రాయి ఏరతావు కదా, అలాగ. వేలు స్లోగా ఎళ్ళాల."

డర్బన్ మాటతీరులో ఆడా మగా అందరూ ఆమెకు 'మ్యాన్'లే. నేను చెయ్యి వెనక్కి లాక్కుంటే నవ్వేది. "పీహెచ్‌డీ మేడమ్‌కి ఎలకంటే భయమా? అదే నిన్ను చూసి భయపడతాది."

మెంతి గింజంత గడ్డ కూడా ఆమె వేళ్ళకు దొరికేది. అయినా ఇరవై ఏళ్ళకు పైగా కాగితాల్లో ఆమె క్లీనరే. టెక్నీషియన్ ఉద్యోగం తెల్లవాళ్ళకే ఇచ్చేవారు. వాళ్ళకు పని నేర్పింది ఆమె. రోజులు మారాక ఆ ఉద్యోగం ఆమెకే వచ్చింది, ఆరు నెలల ప్రొబేషన్ మీద.

ఆ నెలల్లోనే, గడ్డలు రాని జాతి బోనులో ఒక ఎలుకకు గడ్డ ఉన్నట్టు నా వేలికి తగిలింది. ఇద్దరం విడివిడిగా చూసి రాయడం పద్ధతి. పెద్దమ్మ కూడా చూసి 'ఉంది' అని రాసింది. నా కాళ్ళు నేల మీద ఆగలేదు. కొత్త విషయం దొరికిందనుకున్నాను. కేప్‌టౌన్ సదస్సులో దీని గురించి నన్నే మాట్లాడమన్నారు ప్రొఫెసర్. నాన్నకు ఉత్తరం కూడా రాసేశాను. ఆయనకు చదువు రాదు, పోస్ట్‌మ్యాన్ చదివి వినిపిస్తాడు.

మూడు రోజులు పెద్దమ్మ నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు బోనులు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఆ గడ్డొచ్చిన ఎలక ఆ బోనుది కాదు అమ్మాయ్. కొన్ని నెలల కిందట గడ్డలొచ్చే జాతి తల్లి ఒకటి కని చచ్చిపోయింది. ఒక్క పిల్ల మిగిలింది, చల్లగా అయిపోతాంది. పక్క తల్లి కింద పెట్టేశా. కాలికి సిరా గుర్తు పెట్టాల. మర్చిపోయా. అన్నీ తెల్లవే కదా, కలిసిపోయింది."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఎవరికన్న చెప్పినవా?" అన్నాను.

"నీకే. ఇప్పుడు ప్రొఫెసర్‌కి చెప్తా."

"నీ ఉద్యోగం పోతది పెద్దమ్మా."

"పోతే క్లీనర్ పని ఉంది, అది నాకొచ్చు." గొట్టం నీళ్ళు కట్టేసింది. "మా చెల్లి జాకెట్టు కింద గడ్డని ఏడాది దాచింది. హాస్పిటల్‌కి ఎళ్ళేసరికి ఇంకేం లేదు చెయ్యడానికి. దాస్తే పెరుగుతాది అమ్మాయ్."

చేతులు తుడుచుకుని ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

ఆ బోను ఫలితాలన్నీ కొట్టేశారు. ఆ పిల్ల పుట్టిన నెలలోనే పుట్టిన మిగతా ఎలుకలను కూడా నమ్మలేమన్నారు. సదస్సు లేదు, నా ఏడాది పని మళ్ళీ మొదటికొచ్చింది. ఆమె ప్రొబేషన్ మరో ఆరు నెలలు పొడిగించారు. రెండు వారాలు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ నా బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టి వెళ్ళేది. నేను తిని, కడిగి, మాట్లాడకుండా తిరిగి పెట్టేదాన్ని.

నాన్నకు రెండో ఉత్తరం రాయడానికి చాలా కష్టపడ్డాను. జవాబు పోస్ట్‌మ్యాన్ చేతిరాతలో వచ్చింది: "ఆ తల్లికి నా దండాలు చెప్పు." ఆ కాగితం పట్టుకెళ్ళి పెద్దమ్మకు చదివి వినిపించాను.

"మీ నాన్న మంచోడు," అంది. "రోషమంతా నీకే."

నా థీసిస్ ఇప్పుడు పరీక్షకుల దగ్గరుంది. అందులోని ఏ ఎలుకను చూపించినా దాని తల్లి ఏదో నేను తడుముకోకుండా చెప్పగలను. ఆ ధైర్యం ఆమె పెట్టిన భిక్ష.

రెండోసారి మొదలుపెట్టిన కొత్తలో, ఒక ఉదయం మరో తల్లి ఎలుక చనిపోయింది. పెద్దమ్మ ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. వేలి కణుపంత ఉంది, వెంట్రుక కూడా లేదు.

"ఏం చెయ్యమంటావు?" అంది. ఆమె నన్నడగడం అదే మొదటిసారి.

"పక్క తల్లి కింద పెట్టు పెద్దమ్మా. నేను రాస్తా."

ఆమె దాని పాదం మీద సిరా చుక్క పెట్టింది. నేను రిజిస్టరులో రాశాను. ఇద్దరం సంతకం చేశాం. మధ్యాహ్నం నన్ను పిలిచి బోను మూత ఎత్తింది. చుక్క ఉన్న పిల్ల మిగతా పిల్లల మధ్య వెల్లకిలా పడుకుని ఉంది. దాని పొట్ట చర్మం ఇంకా గాజులా పలచన. లోపల, తాగిన పాలు తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి.