మట్టి తీసే నెల

గెంగ్ బావొటియెన్ బతుకంతా ఎక్కడో దూరాన షాన్షీ బొగ్గుగనుల్లోనే గడిచింది. ఏటా చలికాలం చివర్లో వచ్చే కొత్త సంవత్సరానికి హెజె పట్నం దగ్గర ఉన్న తన ఊరికి వచ్చేవాడు, పదిహేనో రోజు లాంతర్ల పండుగ కాగానే మూట సర్దుకునేవాడు. అంటే పెళ్లయిన నాటి నుంచీ చలికాలంలో తప్ప తన ఇంటిని ఆయన చూసిందే లేదు. భార్య సుయ్‌లియెన్ చేతి ముల్లంగి కుడుములు తెలుసు, ఆమె దగ్గు తెలుసు. ఎండాకాలంలో ఆమె మంచం ఎక్కడ వేసుకునేదో తెలియదు.

పెరట్లో ఆమె పెంచిన పియొనీ పూలపొద కూడా ఆయనకు మట్టికుప్పగానే పరిచయం. చలి సోకకుండా మొదలు చుట్టూ ఎగదోసిన మట్టి, పైన నాలుగు ఎండుపుల్లలు. అది పూసేది వసంతంలో. అప్పుడామె గని దగ్గరి దుకాణానికి ఫోన్ చేసి, "పూసిందయ్యా" అనేది. ఈయన "మంచిది" అనేసి, గోధుమకు నీళ్లు పెట్టావా అని అడిగేవాడు. ఏ రంగు అని ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే ఏం పోయేదో! పియొనీ అంటే ఎరుపేనని ఆయన లెక్క. క్యాలెండర్ల మీద అన్నీ ఎర్రవే కదా మరి.

ఊపిరితిత్తులు పాడై గనివాళ్లు ఇంటికి పంపేసరికి సుయ్‌లియెన్ లేదు. ముందటి శీతాకాలమే పోయింది. పిల్లలు లేరు. పొద్దున లేస్తే పలకరించే మనిషి లేక, ఆయన కెటిల్‌తోనూ చీపురుతోనూ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె చేతిది మిగిలింది ఆ మొక్క ఒక్కటే. దాని పూవు ఒక్కసారైనా చూడకుండా పోతే ఆమెకు తాను మొగుడిగా ఉండీ లేనట్టేనని ఆయన మనసులో పడిపోయింది.

శ్రద్ధకేం లోటు లేదు. ఆమె చేసినట్టే చలి మొదలవగానే పారతో మట్టి ఎగదోశాడు. ఆ పై ఏడూ ఎగదోశాడు, ఆ పైనా అంతే. తెలగపిండి నానబెట్టి పోశాడు. ఆకులు గుబురుగా వచ్చాయి గాని మొగ్గన్నది లేదు. ఊరి చుట్టూ పియొనీ పొలాలన్నీ పూలై, పట్నం జనం ఫోటోలకు ఎగబడుతుంటే, ఈయన తలుపు బిగించుకుని కూర్చునేవాడు. సుయ్‌లియెన్‌కు తన మీద కోపం తీరలేదని నమ్మాడు. పోయినవాళ్ల సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్ రోజున ఆమె సమాధి మీద ఎర్ర గుడ్డపూలు గుచ్చి, తప్పు చేసిన పిల్లాడిలా నిలబడేవాడు.

ఒక వసంతంలో పక్కింటి సోంగ్ వదిన ఉల్లికాడలు అడుగుదామని గోడ మీదుగా తొంగిచూసింది.

"ఇదేంటయ్యా, దానికి కూడా సమాధి కట్టావా?"

"సుయ్‌లియెన్ పోసినట్టే పోశాను వదినా."

"పోశావు సరే, తీసేదెవరు? చలి తగ్గగానే ఆవిడ ఆ మట్టంతా చేత్తో తీసేసేది. నువ్వు ఏటికేడు పాతిపెడుతున్నావు."

మట్టి తీసే నెలలో ఆయన ఏనాడూ ఇంట్లో లేడు. ఎర్రపూలు రావాలంటే ఇంకేం చెయ్యాలని అడిగాడు. ఎర్రపూలు అనగానే వదిన ఆయన ముఖంలోకి ఒక చూపు చూసింది. ముందు మట్టి తియ్యమని చెప్పి, ఉల్లికాడల సంగతే మరచి వెళ్లిపోయింది.

వేళ్లకు దెబ్బ తగులుతుందని పార పక్కన పడేసి, దగ్గుకుంటూ చేతులతోనే తవ్వాడు. తాను పోసిన మట్టంతా తీశాక వేళ్లకు పెంకులు తగిలాయి. మొదలు చుట్టూ సుయ్‌లియెన్ గుండ్రంగా పేర్చిన ఇంటి పెంకులు. అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

మరుసటి వసంతంలో ఒక్క మొగ్గ వచ్చింది. ఆయన పీట తెచ్చి పక్కనే వేసుకున్నాడు. భోజనమూ అక్కడే. ఒక ఉదయం చూసేసరికి అది విప్పుకుని ఉంది. తెల్లగా, నడుమ పసుపుపచ్చటి పుప్పొడితో. ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లాడు.

"తెల్లదని తెలిసీ చెప్పలేదేం వదినా?"

"ఆవిడ నీకు చూపించుకోవాలనుకున్న పువ్వు అది. మధ్యలో నేనెవర్ని?"

పువ్వును కొయ్యలేదు. ఉత్త చేతులతో సమాధి దగ్గరికి పోయి, వెలిసిపోయిన ఎర్ర గుడ్డపూలన్నీ ఒక్కొక్కటే పీకి జేబులో కుక్కుకున్నాడు.

"పూసిందే," అన్నాడు. "తెల్లగా."

ఆ తరువాత ఆగాడు. చుట్టూ గోధుమ పచ్చగా ఊగుతోంది. "మంచిది" అని ఆమె బదులు తనే అనుకుని ఇంటిదారి పట్టాడు.